పండు పేరు, పానకము సరుకు

బీరుసీసాలను గూర్చి మేము సంపాదకీయము వ్రాయుట చూచి పఠనమందిరములోని పెద్దలు కొందరు కండ్లజోడు సవరించుకొని పత్రిక పేరును మరల నొకసారి చూచుకొందురని మే మెరుగుదుము. 1921లో కల్లుదుకాణముల యెదుట పికెటింగు సల్పినవారి వారసులమని చెప్పుకొను మాకు ఈ విషయముతో పని యేమని వారడుగవచ్చును. అడుగవలసినదే. మద్యపానమును మెచ్చుట మా యభిమతము గాదు. దీనిని చదివి యెవ్వరైన నొక సీసా కొందురేని అది మా వ్రాతకు కలిగిన అపజయమే యని తలంతుము. మా పేచీ పేరును గూర్చినది. నేయి కానిండు, తేనె కానిండు, బట్ట కానిండు, బీరే కానిండు, ఒక పేరు చెప్పి మరియొక సరుకు నమ్ముట ఒక్కటే దోషము. ఆ దోషము చట్టముయొక్క నీడలోనే యెట్లు పెరుగునో చూడదలచినవారికి బెల్జియము దేశపు పండ్ల బీరులను మించిన పాఠము దొరకదు. ఆ పాఠము మన యూళ్లకు ఎంత దగ్గరలో నున్నదో తుదకు చెప్పెదము.

బ్రస్సెల్సు నగరమునకు నైరృతిగా పజొటెన్‌లాండు అను పల్లెసీమయు, సెన్ అను చిన్న యేటిలోయయు కలవు. ఆ ప్రాంతమున పుట్టిన బీరునకు లాంబిక్ అని పేరు. దానిలో పుల్లని చెర్రీపండ్లు నానవేసి చేసినది క్రీక్. ఇక్కడ చదువరులు ఒక చిన్నమాట గుర్తుంచుకొనవలెను: ఫ్లెమిషు భాషలో క్రీక్ అనగా ఆ పుల్లని చెర్రీపండే. మనము మామిడి యన్నప్పుడు చెట్టును, కాయను తలంచుకొన్నట్లే, అక్కడి రైతు క్రీక్ అన్నప్పుడు కొమ్మనుండి కోసిన పండును తలంచుకొనును. బీరునకు వేరే పేరు పెట్టలేదు. పండు పేరే పెట్టినారు. ఏలయన పండు లేనిదే ఆ బీరు లేదు.

ఇప్పుడు బ్రస్సెల్సులో ఒక అంగడి అరలో ప్రక్కప్రక్కన నిలిచిన రెండు సీసాలను చూడుడు. రెండింటి మీదను క్రీక్ అనియే యున్నది. రెండింటి మీదను ఎర్రని పండ్ల బొమ్మలే. ఒకటి అండర్లెక్టులోని కాంటియోన్ కార్ఖానాది, మరియొకటి వ్లెజెన్‌బేకులోని లిండెమన్సు కార్ఖానాది. మొదటిది గిన్నెలో పోసినచో చింతపులుసువలె నాలుకను పట్టును. తీపి యన్నది మచ్చునకైన లేదు. చెర్రీ టెంకలనుండి దిగిన బాదముపలుకు వాసన తోచును. మద్యాంశము నూటికి అయిదారు పాళ్లు. రెండవది చల్లని చెర్రీ షర్బత్తువలె గొంతు దిగును. మద్యాంశము మూడున్నర పాళ్లు. ఈ రెండును ఒకే మాటను ధరించిన ఒకే వస్తువని నమ్ముట ఎట్లు? రుచులు వేరు, రుచులు వేరైనందున కార్ఖానాలు వేరు అని తేలికగా త్రోసివేయువారు కలరు. మేమట్లు త్రోసివేయజాలము. ఇది వంటవాని చేతివాటమున వచ్చిన భేదము కాదు. ఒకచోట పండు పనిచేసినది. మరియొకచోట పంచదార పనిచేసినది.

లాంబిక్ చేయు విధము తెలిసినగాని ఈ మాటలోని బరువు తెలియదు. మొలకెత్తించిన బార్లీలో మూడవవంతునకు మించిన పచ్చి గోధుమలు కలిపి కాచెదరు. రెండుమూడేండ్లు నిలువజేసి పరిమళము పోగొట్టిన హాప్స్ పూవులు వేసి గంటలకొలది మరిగింతురు. అటుపిమ్మట ఆ కషాయమును అటకమీదనున్న వెడల్పైన లోతులేని తొట్టిలో పోసి, గవాక్షములు తెరచి, రాత్రియంతయు చలిగాలికి వదలుదురు. కార్తికము మొదలు ఫాల్గునము వరకే ఈ పని. వేసవిగాలిలో చెడుక్రిములు ఎక్కువ. ఆ గాలిలోను, పాతకప్పు దూలములలోను, కొయ్యపీపాల పగుళ్లలోను తరతరములుగా కాపురమున్న సూక్ష్మజీవులే దానిని పులియబెట్టును. ఎవ్వరును ఈస్టు తెచ్చి కలుపరు. మనకిది వింతయా? తాటిచెట్టునకు కట్టిన లొట్టిలోని కల్లు తెల్లవారునప్పటికి ఎవ్వరు చేయిపెట్టకయే పొంగుట మన పల్లెలో బాలుడైన నెరుగును. అయితే కల్లు సాయంకాలమునకే ముదిరిపోవును. లాంబిక్ పీపాలో మూడేండ్ల వరకు మెల్లమెల్లగా పండుచుండును. కాంటియోన్ వారు 1900లో స్థాపించిన తమ కార్ఖానాలో సాలెగూళ్లను సైతము దులుపరు. పండ్లకు మూగు ఈగలను పట్టుటకు సాలెపురుగులు వలయునట. ఈ కాలపు పారిశుధ్యపు తనిఖీదారు ఆ గదిలో అడుగుపెట్టినచో ఏమనునో మే మూహింపగలము. వారు 1978నుండి ఆ కార్ఖానానే మ్యూజియముగా నడుపుచు, ఈ గూళ్లతో సహా వచ్చినవారికెల్ల చూపుచున్నారు.

పండు చేరుట ఆ తరువాతి మాట. వేసవి నడుమ చెర్రీలు కోతకు రాగానే, ఏడాదియు నంతకు పైబడియు వయసున్న లాంబిక్ పీపాలలో వానిని టెంకలతో సహా దింపుదురు. పండ్లలోని తీపి తగులగానే నిదురించుచున్న పులుపు మరల మేల్కొనును. నెలలు గడచునప్పటికి చక్కెర యంతయు హరించిపోయి, రంగు, వాసన, టెంకచేదు మాత్రము నిలుచును. పండ్ల బీరు తియ్యగా నుండవలెనని మనబోటివారికి తోచుట సహజమే. నిజమైన పండ్ల బీరు తియ్యగా నుండుటకు వీలులేదు. పండులోని తీపి తనను తానర్పించుకొని పోయినది. తుదకు సీసాలో తీపి మిగిలినదనగా రెండే కారణములు: పులియుట నడుమ నాపబడినదియో, పులిసిన పిదప తీపి పోయబడినదియో. షర్బత్తు రుచిగల క్రీకులలో జరుగునది ఈ రెండవదే. వయసు చాలని లాంబిక్‌నో, వేరు బీరు కలిపిన లాంబిక్‌నో తీసికొని, పండ్లరసమో సారమో చేర్చి, తీపి కలిపి, సీసాలో మరల పొంగకుండుటకై వడగట్టి వెచ్చజేసి, అందున్న ప్రాణమును అణచి మూతవేయుదురు.

ఇక కార్ఖానాకు కార్ఖానాకు గల భేదము లెక్కలలోనే కనబడును. కాంటియోన్ వారు లీటరు లాంబిక్‌నకు సుమారు 200 గ్రాముల పండ్లు వేయుదురు. లెంబేకులోని బూన్ కార్ఖానావారు తమ పాతపద్ధతి క్రీకునకు లీటరునకు 400 గ్రాములని చెప్పుకొందురు. బేర్సెల్‌లో పుట్టిన త్రీ ఫోంటేనెన్ వారు పండ్లపాలు నూటికి ముప్పదియైదు అందురు. ఔడెనార్డెలోని లీఫ్‌మన్సు వారి పద్ధతి వేరు: వారిది లాంబిక్ కాదు, కలిపి పులియబెట్టిన పుల్లని యెర్రబీరు మీద నూరు లీటర్లకు 13 కిలోల చెర్రీలు వేసి, ఏడాదిన్నర యుంతురు. అది వేరు సంప్రదాయము, దానికి తగిన గౌరవము దానికి కలదు. అయితే ఆ లీఫ్‌మన్సు పేరనే మంచుముక్కలమీద పోసికొని త్రాగుటకు పండ్లరసములతో తీపిగా కూర్చిన ఫ్రూటెస్ అను మరియొక సరుకు కూడ బజారునకు వచ్చినది. కాంటియోన్ వారు చెర్రీతో నాగలేదు. రాస్ప్‌బెర్రీతో రోజే ద గాంబ్రినుస్ అనియు, మన హైదరాబాదువారు మీఠా వండుకొను ఖుబానీ పండ్లతో ఫూఫూన్ అనియు, ద్రాక్షతో వేరు రకములును చేయుదురు. డ్వోర్ప్ గ్రామములోని హాన్సెన్సు కుటుంబమువారు స్ట్రాబెర్రీతో చేయుదురు. తామే బీరు కాచక, ఇతరులవద్ద లాంబిక్ కొని తమ పీపాలలో పండించుటే వారి వృత్తి. ఆ యొక్క వృత్తితో తరములు గడపిన కుటుంబములు ఆ సీమలో నున్నవనిన, పీపాకును కాలమునకును అక్కడ నెంత విలువయో తెలియుచున్నది.

కాలమునకు విలువ యున్నచోట ఆపదకును విలువ యుండును. త్రీ ఫోంటేనెన్ వారి గిడ్డంగిలో 2009 మే మాసమున వేడిని అదుపుచేయు యంత్రము చెడి, గది పొయ్యివలె కాగి, వేలకొలది సీసాలు కొన్ని పగిలియు, మిగిలినవి రుచి చెడియు పోయినవి. మూడేండ్ల కష్టము ఒక్క సంఘటనతో నేలపాలైనది. అధిపతియైన అర్మాన్ డెబెల్డెర్ చెడిన బీరును పారబోయక బట్టీ పట్టించి సారాగా మార్చి అమ్మి, మిత్రుల తోడ్పాటుతో మరల నిలద్రొక్కుకొనెను. 2022లో ఆయన స్వర్గస్థుడయ్యెను. పంచదార పానకము పోసి నెలలలో సరుకు బజారునకు పంపువాని కిట్టి నష్టము రానేరదు. ఒకడు మూడేండ్లు అప్పు మోసి, పండ్లు కొని, యంత్రము చెడునేమోయని భయపడుచు చేసిన వస్తువునకును, మరియొకడు కొన్ని నెలలలో కలిపి చేసిన వస్తువునకును ఒకే పేరు పెట్టనిచ్చుట న్యాయమా?

ఆ దేశపు చట్టము ఏమి చేసినదో వినుడు. పాతపద్ధతి అంతరించుచున్నదని మొరలిడగా, 1997లో ఐరోపా సమాజము "ఔడ క్రీక్", "ఔడ గూజ్" అను పేర్లకు సంప్రదాయ విశేషముగా రక్షణ నొసగెను. ఔడ యనగా పాత యని యర్థము. ఆ మాట చీటీమీద నుండవలెనన్న నూటికి నూరుపాళ్లు తనంత తాను పులిసిన లాంబిక్‌తోనే చేయవలెను. సీసాలో మరల పులియవలెను. బాగుగనే యున్నది, లేకున్న నది కూడ దక్కకపోవును. అయితే ఈ యేర్పాటులోని తలక్రిందుల న్యాయమును గమనింపుడు. నిజము చేయువాడు తన పేరునకు ముందు ఒక విశేషణమును తగిలించుకొనవలెను. తీపి పోయువానికి మాత్రము వట్టి క్రీక్ అను మాట, పండు పేరు, తాతలనాటి పేరు, ఉచితముగా దఖలుపడినది! మేనమామ ఇల్లు మేనల్లుడు ఆక్రమించి, మేనమామను "అసలు మేనమామ" అని వాకిట బోర్డు కట్టుకొమ్మన్నట్లున్నది. కాంటియోన్ వారు ఔడ యను మాటను చీటీమీద వాడరు గాని, వారును క్రీక్ అని యూరకొనలేక "నూరుపాళ్లు లాంబిక్" అని కలిపి వ్రాసికొనవలసి వచ్చినది. నిజము తన్ను తాను నిరూపించుకొనవలెనట, కల్పన మౌనముగా కూర్చుండవచ్చునట.

మన దేశములో ఇట్టి చిక్కు వచ్చినప్పుడు ఏమి జరిగినదో మా చదువరులలో పెద్దలు వినియే యుందురు. చరఖామీద వడికి మగ్గముమీద నేసిన బట్టకు దేశము ఖద్దరు అని పేరు పెట్టుకొని, దానిని ధరించి జైళ్లకు పోవుచుండగా, మిల్లుదారులు మోటునూలుతో నేసిన బట్టకు ఆ పేరే యద్ది అమ్మజొచ్చిరి. 1934లో ఖద్దరు పేరును రక్షించుటకై చట్టము పుట్టినది. ఆ చట్టము "అసలు ఖద్దరు" అను క్రొత్తమాటను సృష్టించి చేతివడుకువారి కిచ్చి, వట్టి ఖద్దరు అను పేరును మిల్లుల కొప్పగింపలేదు. ఖద్దరు, ఖాదీ అను మూలపదములకే అర్థము కట్టినది: భారతదేశమున చేతితో వడికిన నూలుతో, భారతదేశమున చేతిమగ్గముమీద నేసినదే ఖద్దరు. పరప్రభుత్వపు శాసనసభనుండి వచ్చిన ఆ చట్టము ఆచరణలో నెంత పనిచేసినదన్నది వేరు సంగతి. న్యాయమెటు మొగ్గవలెనో మాత్రము అది గుర్తించినది. స్వతంత్ర ఐరోపా అరువదేండ్లకు పైబడిన పిదప కూడ అంతమాత్రము గుర్తింపలేకపోయినది.

ఎదిరిపక్షమువారి వాదములు వినకుండ మేము తీర్పు చెప్పదలచలేదు. వారి మొదటి వాదము బలమైనదే. 1970లలో పుల్లని లాంబిక్ త్రాగువారు కరవై కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడుచుండగా, లిండెమన్సు వారు 1978లో క్రీకును, 1980లో రాస్ప్‌బెర్రీ బీరును, 1987లో పీచుపండు బీరును తియ్యగా చేసి దేశదేశములకు పంపి నిలద్రొక్కుకొనిరి. ఆ తీపి డబ్బే లాంబిక్ పీపాలను నిలిపినదని వారందురు. మేము కాదనము. ఆ లిండెమన్సు వారే "క్యువే రెనే" యను పేర తీపిలేని పాతపద్ధతి బీరును కూడ చేయుచున్నారనియు ఒప్పుకొందుము. వారు అబద్ధమాడినారని మా ఆరోపణ గాదు. సీసా వెనుక చిన్నయక్షరములలో తీపి సంగతి వ్రాసియే యుందురు. మా ఆరోపణ చట్టముమీద. సీసా ముందు పెద్దయక్షరములు చెప్పినదానిని వెనుక చిన్నయక్షరములు ఖండించుచుండగా ఊరకున్న చట్టముమీద. అదియు గాక, ఒకే యింటివారు రెండును చేయుచున్నారనగా, భేదము వారికి తెలియదని యనుటకు వీలులేదు గదా!

రెండవ వాదము: జనులకు తీపియే యిష్టము, వారి నాలుకకు మీరెవ్వరు పెద్దలు? ఎవ్వరముగాము. తియ్యనిది త్రాగువానిని మేము తప్పుపట్టుటలేదు. బెర్లినులో వైస్సె యను పుల్లని బీరులో ఎర్రని రాస్ప్‌బెర్రీ పానకమో, ఆకుపచ్చని పానకమో పోసి యిచ్చు వాడుక కలదు. ఎర్రదా, పచ్చదా యని త్రాగువాని నడిగియే పోయుదురు. అందు మోసమేమున్నది? పానకమును పానకమని చెప్పి పోసినచో అది వ్యాపారము. పండని చెప్పి పోసినచో మాత్రమే మాకు పేచీ. ఈ సందర్భమున జర్మనుల పేరు వచ్చినది గనుక మరియొక మాట. బవేరియా ప్రభువులు 1516లో బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప వేరొకటి కూడదని శాసించిన సంగతిని పట్టుకొని, పండు వేయుటయే కల్తీ యని వాదించు ఛాందసులు కొందరున్నారు. వారితో మేము పొత్తుకూడము. పండు కల్తీ కాదు. పండు లేమియే కల్తీ.

మూడవ వాదము పైసలది: ఇంత పండు, ఇంత కాలము వేసిన గిట్టుబాటు కాదు. దీనికి మేము సమాధానము చెప్పవలసిన పనిలేదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు న్యూ గ్లారస్ కార్ఖానాయే చెప్పినది. 1993లో భార్యాభర్తలు స్థాపించిన ఆ కార్ఖానా "బెల్జియన్ రెడ్" అను తన చెర్రీ బీరు సీసా ఒక్కింటికి తమ రాష్ట్రములోని డోర్ కౌంటీ చెర్రీలు పౌనుకు మించి పడునని ప్రకటించినది. పౌను అనగా మన లెక్కలో సుమారు ముప్పదితొమ్మిది తులముల బంగారపు తూకమని యనబోకుడు. నాలుగువందల యేబది గ్రాముల పండ్లు! ఆ కార్ఖానా సరుకును తమ రాష్ట్రము దాటి అమ్మదు. పండ్లతోటలును, కార్ఖానాయు, త్రాగువారును ఒకే గడ్డమీద. అయినను దివాలా తీయలేదు. పరదేశపు బీరు పేరు నరువు తెచ్చుకొన్నవారు పండు విషయమున స్వదేశీ వ్రతము పట్టినారు. అది మాకు నచ్చినది.

పండు పండించువాని సంగతి ఎవ్వరును మాటాడరు. బ్రస్సెల్సునకు ఈశాన్యమున షార్‌బేక్ అను పేట కలదు. ఒకప్పుడది చెర్రీతోటల పల్లె. ఆ పండ్లను గాడిదలమీద వేసికొని పట్టణమునకు వచ్చుటచేత దానికి గాడిదల ఊరని పేరు. క్రీకునకు ఉత్తమమైన చెర్రీకి నేటికిని షార్‌బేక్ చెర్రీ యనియే పేరు. పేరు మిగిలినది; తోటలమీద మేడలు లేచినవి. ఇప్పుడు కార్ఖానాలు వాడు పుల్లని చెర్రీలలో పెద్దభాగము పోలెండు మొదలగు తూర్పు దేశములనుండి వచ్చును. తోటలు పోవుటకు పట్టణము పెరుగుట ముఖ్యకారణమని మే మెరుగుదుము. అయినను, పండు లేకున్నను పండుపేరు చెల్లునన్న యేర్పాటు నడుమ, మిగిలిన నాలుగు చెట్లను కాపాడవలెనని ఎవ్వని కుండును? చిన్నవారిని పెద్దవారు మ్రింగుట కూడ ఇందుతోపాటే నడచినది. బెల్-వ్యూ అను కార్ఖానా ఇరుగుపొరుగు లాంబిక్ కార్ఖానాలను ఒకటి తరువాత నొకటి కొనుచు పెరిగి, 1991లో ఇంటర్‌బ్రూ అను మహాకంపెనీ చేతిలో పడినది. ఆ ఇంటర్‌బ్రూ పిమ్మట చేతులు కలిపి కలిపి ప్రపంచమున కెల్ల పెద్ద బీరుకంపెనీ యైనది. మ్రింగబడినవారి పద్ధతులు మ్రింగినవారి తీపిసీసాలలో వెదకిన దొరకవు.

ఇంతదూరము బెల్జియములో తిరిగిన మేము ఇల్లు చేరెదము. హైదరాబాదులోను, బెంగుళూరులోను ఇటీవలి సంవత్సరములలో చిన్న బీరుకార్ఖానాలు, అక్కడనే కాచి అక్కడనే పోయునవి, వెలసినవి. వేసవి రాగానే వాని పట్టికలలో మామిడి బీరు కనబడును. ఏ మామిడి? బంగినపల్లియా, తోతాపురియా? పండా, గుజ్జా, ఎసెన్సా? లీటరునకు ఎన్ని గ్రాములు? పులియుటకు ముందు వేసినారా, గిన్నెలో పోయునప్పుడు కలిపినారా? పట్టిక చదివినవానికి వీనిలో నొక్కటియు తెలియు మార్గము లేదు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనము పండుగ చేసికొన్నాము. 2025 వేసవిలో చిత్తూరుజిల్లా తోతాపురి రైతు గుజ్జుకార్ఖానాల వాకిట ట్రాక్టరుబారులలో నిలిచి, ధర పడిపోగా, కిలోకు కార్ఖానాలు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు చొప్పున చెల్లించు నేర్పాటు చేయవలసి వచ్చినది. అట్టి రైతుపండు పేరు పట్టికమీద వ్రాసి, లోపల ఎసెన్సు చుక్కలు వేయుటకు తలుపు తెరచియుంచిన నియమము ఎవరి మేలు కోరినది?

పేరునకును సరుకునకును పొత్తు తెగినచో ఎంతవరకు పోవునో మనకు ఎదుటనే యున్నది. తెలంగాణములో కల్లు పేర డైజిపాము, అల్ప్రజోలము, క్లోరల్ హైడ్రేటు కలిపిన నీళ్లు అమ్మిన కేసులు ఎన్నియో నడచినవి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు పేదలు ప్రాణములు గోల్పోయిరి. తీపి క్రీకునకును ఈ విషమునకును పోలిక లేదని మే మెరుగుదుము. ఒకటి నాలుకను వంచించును, మరియొకటి ప్రాణము తీయును. అయినను రెండింటికిని తలుపు తెరచినది ఒక్కటే: ముంతమీది మాటకు ముంతలోని ద్రవమునకు జవాబుదారి లేకుండుట. మద్యనిషేధము కోరువారమైన మాకును ఈ విషయమున నుపేక్ష తగదు. నిషేధము వచ్చువరకు త్రాగువాడు కూడ ఈ దేశపు పౌరుడే.

కావున ఆహార ప్రమాణముల సంస్థవారిని, ఉభయ రాష్ట్రముల అబ్కారీ శాఖలవారిని మేము కోరునది ఇది. బీరునకు పండు పేరు పెట్టదలచిన ప్రతివాడును, లీటరునకు వేసిన పండెన్ని గ్రాములో, ఆ పండు ఏ జాతిదో, ఏ జిల్లాదో, పేరు వ్రాసిన యక్షరములంత పెద్దయక్షరములలోనే, ఆ పేరు ప్రక్కననే వ్రాయవలెను. ఎసెన్సు వాడినవాడు పండు బొమ్మ వేయరాదు. "మామిడి వాసనగల బీరు" అని వ్రాసికొనవచ్చును. విశేషణము కృత్రిమమునకు తగులవలెను. మూలపదము పండునకు విడువవలెను. రాబోవు వేసవికి కాపు రాకమునుపే ఈ నియమము వెలువడవలెనని మా కోరిక. మామిడిపూత మాఘమాసమున వచ్చును. శాఖలవారికి వ్యవధి చాలియే యున్నది.